కొత్త అగ్నివీరుల జీతం, పొదుపు, అప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సైన్యంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందిన తరువాత, మా జిల్లా నుంచి అగ్నివీరులుగా ఎంపికైన పిల్లలూ, వారి తల్లిదండ్రులూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. ఇందులోని లెక్కలు 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం (సైనికులను నాలుగేళ్ళ సర్వీసుకు తీసుకునే పథకం, ఇలా చేరినవారే అగ్నివీరులు) జీతాల ప్రకారం వేసినవి. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటిలోనూ అగ్నివీరుల జీతం ఒక్కటే కనుక, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందేవారికైనా, ఒడిశాలోని చిల్కాలో నౌకాదళ శిక్షణకు వెళ్ళినవారికైనా ఈ లెక్కలే వర్తిస్తాయి.

జీతం 30,000 అన్నారు. ఖాతాలో 21,000 మాత్రమే పడుతోంది. మిగతాది ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. మొత్తం జీతంలో 30 శాతం ప్రతి నెలా అగ్నివీర్ కార్పస్ ఫండ్‌కు జమ అవుతుంది. మొదటి ఏడాది 30,000లో 9,000 అటు వెళ్ళగా 21,000 మీ చేతికి వస్తాయి. రెండో ఏడాది 33,000లో 23,100, మూడో ఏడాది 36,500లో 25,550, నాలుగో ఏడాది 40,000లో 28,000 చేతికి అందుతాయి. మీ జీతం నుంచి కోసిన ప్రతి రూపాయికీ ప్రభుత్వం మరో రూపాయి కలుపుతుంది. నాలుగేళ్ళలో మీ వాటా 5,02,200 రూపాయలు, ప్రభుత్వ వాటా అంతే. రెండూ కలిపి 10,04,400, దానిపై వడ్డీ అదనం. దీన్నే సేవా నిధి అంటున్నారు. పనిచేసే చోటును బట్టి వచ్చే రిస్క్, హార్డ్‌షిప్ భత్యాలు వేరు. కరవు భత్యం, గ్రాట్యుటీ, పింఛను మాత్రం ఈ నాలుగేళ్ళ సర్వీసుకు లేవు. ఈ మాట చాలా ఇళ్ళలో ఇంకా సరిగా అర్థం కాలేదు. పాత జవాన్ల జీవితాన్ని చూసిన పెద్దవాళ్ళు, "మిలటరీ ఉద్యోగమేగా, పింఛను వస్తుంది" అనుకుంటూనే ఉన్నారు.

సేవా నిధిగా పది లక్షలు ఎలాగూ వస్తాయి కదా, మళ్ళీ వేరే పొదుపు దేనికి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి నేను కాగితం తీసి ఒక కూడిక చేసి చూపిస్తాను. నాలుగేళ్ళలో మీ చేతికి వచ్చే జీతాన్ని ఏడాదివారీగా వరుసగా 2,52,000, 2,77,200, 3,06,600, 3,36,000 అని రాసి కూడితే 11,71,800 అవుతుంది. అంటే వడ్డీ కలపని సేవా నిధి కంటే చేతి మీదుగా వెళ్ళిపోయే డబ్బే ఎక్కువ. ఊళ్ళో అందరూ పది లక్షల గురించే మాట్లాడతారు గాని ఈ పదకొండు లక్షల గురించి ఎవరూ అడగరు. సేవా నిధిని ప్రభుత్వం కాపాడుతుంది, మీరు తీసుకుందామన్నా మధ్యలో రాదు. ఈ రెండో మొత్తానికి కాపలా మీరొక్కరే.

ఇక 49వ నెల సంగతి ఆలోచించండి. 48 నెలలు పూర్తయి ఇంటికి వచ్చిన తరువాత మొదటి తారీఖున ఫోన్‌కు జీతం మెసేజ్ రాదు. ప్రతి బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావారికి కేంద్ర బలగాల్లో రిజర్వేషన్ ఉన్నమాట నిజమే గాని నోటిఫికేషన్, రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, ఫలితాలు పూర్తయ్యేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ నెలలన్నీ సేవా నిధిలోంచి కొంచెం కొంచెం తీసి తింటూ పోతే, పొలమో దుకాణమో చదువో అని మీరు తలపెట్టిన పనికి మిగిలేది తక్కువ. కనీసం పది నెలల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము సేవా నిధికి బయట, మీ సొంత పొదుపుగా ఉండాలని నా అభిప్రాయం.

నన్ను రెగ్యులర్‌గా తీసుకుంటే మొత్తం సేవా నిధి వస్తుందా?

రాదు. మీ వాటా, దానిపై వడ్డీ మాత్రమే ఇస్తారు. ప్రభుత్వ వాటా ఇవ్వరు. నాలుగేళ్ళు నిండకముందే సొంత కోరికపై, ప్రత్యేక అనుమతితో బయటికి వచ్చినవారికీ ఇదే నియమం. కనుక పది లక్షలు వస్తాయన్న లెక్కతో ముందుగానే ఎవరికీ మాట ఇవ్వకండి.

శిక్షణలో ఉన్నంతకాలం ఖర్చు ఎంత అవుతుంది?

భోజనం, వసతి, దుస్తులు, వైద్యం ప్రభుత్వానివే. క్షవరం, చాకలి, సబ్బులు, బూట్ పాలిష్, ఫోన్ రీఛార్జి, ఆదివారం క్యాంటీన్‌లో సమోసా, టీ వంటివే మీవి. ఉదయం పీటీ నుంచి రాత్రి రోల్‌కాల్ దాకా శిక్షణ ఇచ్చే ఉస్తాద్ తీరిక ఇవ్వడు కనుక, డబ్బున్నా ఖర్చు చేసే వేళ ఉండదు. పొదుపు అలవాటు కావడానికి ఇంతకంటే మంచి కాలం సర్వీసులో మళ్ళీ రాదు. అయితే శిక్షణ ముగిసి మొదటిసారి ఊరికి వచ్చే ముందు ఖాతాలో లక్ష రూపాయల వరకు పేరుకుని ఉంటుంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడు అంత డబ్బును ఒక్కచోట చూడటం అదే మొదటిసారి. ఫోన్, వాచీ, బండి అడ్వాన్సు, స్నేహితులకు దావత్ అన్నీ ఆ సెలవులోనే జరుగుతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడు శిక్షణ సొమ్ములో 70,000 పెట్టి ఫోన్ కొన్నాడు. తరువాత అతనికి పోస్టింగ్ పడిన చోట ఆరు నెలలపాటు సిగ్నలే లేదు.

21,000లో ఎంత ఇంటికి పంపాలి, ఎంత దాచుకోవాలి?

అందరికీ ఒకే లెక్క కుదరదు. ఉదాహరణకు ఇంటికి 8,000, రికరింగ్ డిపాజిట్‌కు (నెలనెలా కొంత కట్టే పొదుపు ఖాతా) 6,000, సెలవు ప్రయాణానికి 2,000, సొంత ఖర్చుకు 5,000 అని విభజించుకోవచ్చు. అంకెల కంటే తారీఖు ముఖ్యం. జీతం పడిన మరుసటి రోజే డిపాజిట్ డబ్బు దానంతటదే కోసుకునేలా బ్యాంకులో చెప్పి ఉంచాలి. నెలాఖరుకు మిగిలింది దాచుకుందాం అనుకున్నవారికి మిగిలినట్లు నేను చూడలేదు.

రెండో ఏడాది జీతం పెరిగినప్పుడు ఆ 2,100 తేడాను సొంత ఖర్చుకు కలుపుకోకుండా డిపాజిట్‌కు కలపండి. మూడో ఏడాది మరో 2,450, నాలుగో ఏడాది మరో 2,450 చేతికి ఎక్కువ వస్తాయి. పెరిగినదంతా పొదుపుకే మళ్ళించగలిగితే, ఇప్పుడున్న అలవాట్లు ఏమీ మార్చుకోకుండానే నాలుగో ఏట నెలకు 13,000 దాకా దాచుకోవచ్చు.

ఇంట్లో అప్పు ఉంది. ముందు అది తీర్చాలా, పొదుపు మొదలుపెట్టాలా?

అది ఏ అప్పో, ఎంత వడ్డీకో తెలిస్తేనే జవాబు చెప్పగలం. మన ఊళ్ళలో వడ్డీని నెలకు నూటికి ఎన్ని రూపాయలని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ వినడానికి చిన్నదే గాని ఏడాదికి 24 శాతం. బ్యాంకులో మీ డిపాజిట్‌కు వచ్చేది ఆరేడు శాతం. ఏడు శాతానికి దాచుకుంటూ ఇరవై నాలుగు శాతం కట్టడమంటే చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే. కాబట్టి ప్రైవేటు అప్పు ముందు తీరాలి. అలాగని పొదుపు పూర్తిగా ఆపకుండా, చిన్న మొత్తమైనా నడవనివ్వండి.

మీ నాన్నగారికి రెండు రూపాయల వడ్డీకి 1,50,000 అప్పు ఉందనుకుందాం. నెలకు వడ్డీయే 3,000. మీరు పంపే 8,000లో మొదటి నెల వడ్డీ పోగా 5,000 అసలుకు పడుతుంది. అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గుతుంది కనుక సుమారు 24 నెలల్లో అప్పు మొత్తం తీరిపోతుంది. అదే 8,000 ఇంటి ఖర్చుల్లో కలిసిపోయి, ఏడాదికోసారి వడ్డీ మాత్రమే కట్టి నోటు తిరగరాస్తూ పోతే, నాలుగేళ్ళ తరువాత కూడా ఆ లక్షన్నర అలాగే ఉంటుంది. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనుక తారీఖు వేసి చెల్లు రాయించుకోమని నాన్నగారికి చెప్పండి. డబ్బును ఆన్‌లైన్‌లో పంపితే ఆధారం ఉంటుంది. అప్పు పూర్తిగా తీరిన రోజున నోటును వెనక్కి తీసుకోవడం మరవకూడదు.

ఇంట్లో బంగారం ఉంటే దాన్ని బ్యాంకులో పెట్టి, ఆ రుణంతో ప్రైవేటు అప్పు తీర్చి, తక్కువ వడ్డీకి నెలనెలా కట్టుకోవడం ఇంకా మేలు. పొలం ఉన్న కుటుంబానికి కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం గడువులోగా చెల్లిస్తే 4 శాతం వడ్డీకే వస్తుంది. అది అందుబాటులో ఉండగా వ్యవసాయ పెట్టుబడికి రెండు రూపాయల వడ్డీకి వెళ్ళడం నాకైతే బాధగా ఉంటుంది.

రికరింగ్ డిపాజిట్, పీపీఎఫ్, ఎల్‌ఐసీ పాలసీల్లో ఏది మంచిది?

మీ ఉద్యోగం నాలుగేళ్ళది, కనుక పథకం గడువు కూడా ఆ నాలుగేళ్ళలో ఇమడాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నమ్మకమైనదే గాని దాని గడువు ఐదేళ్ళు. మూడేళ్ళు దాటాక మధ్యలో మూసేస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. అందుకని గడువును మీరే ఎంచుకోగల బ్యాంకు డిపాజిట్ మీకు నప్పుతుంది. శిక్షణ ముగిశాక, సర్వీసులో ఏడో నెల నుంచి 42 నెలలపాటు నెలకు 6,000 కడితే, వడ్డీ కాకుండా అసలే 2,52,000 అవుతుంది. అది సరిగ్గా బయటికి వచ్చే వేళకు చేతికి అందుతుంది.

పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) గడువు 15 ఏళ్ళు. ఏడాదికి కనీసం 500 కడితే ఖాతా బతికే ఉంటుంది కనుక, ఒకటి తెరిచి తక్కువ మొత్తంతో నడపడంలో తప్పు లేదు. ఎక్కువ మొత్తం అందులో పెడితే 49వ నెలలో తీసుకోలేరు.

పాలసీల విషయంలో నేను కాస్త కటువుగానే మాట్లాడతాను. సెలవులో ఇంటికి రాగానే పెదనాన్న కొడుకో, బడిలో చదువు చెప్పిన మాస్టారో ఏజెంటుగా మారి కూర్చుని ఉంటారు. బీమా, పొదుపు కలిపి ఉండి ఇరవై ఏళ్ళపాటు ప్రీమియం కట్టవలసిన ఎండోమెంట్ పాలసీని నాలుగేళ్ళ ఉద్యోగికి అమ్ముతారు. ఉద్యోగం ముగిశాక ప్రీమియం కట్టలేక మధ్యలో సరెండర్ చేస్తే, కట్టిన దానికంటే తక్కువ వెనక్కి వస్తుంది. మొహమాటానికి సంతకం పెట్టకండి. "మా ఆఫీసులో అడిగి చెబుతాను బాబాయ్" అంటే ఎవరూ నొచ్చుకోరు.

మరి బీమా అవసరం లేదా?

సర్వీసులో ఉన్నంతకాలం ప్రతి అగ్నివీరుడికీ 48 లక్షల జీవిత బీమా ఉంది, దానికి మీరు ప్రీమియం కట్టనక్కరలేదు. విధి నిర్వహణ కారణంగా మరణం సంభవిస్తే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా (పరిహారం) అదనంగా వస్తుంది. సర్వీసు కారణంగా వైకల్యం ఏర్పడితే దాని శాతాన్ని బట్టి 44, 25 లేదా 15 లక్షలు ఇస్తారు. మీ జీతం ఖాతాను అగ్నివీర్ సాలరీ ప్యాకేజీ కింద నమోదు చేయిస్తే బ్యాంకు ఇచ్చే ప్రయోజనాలు వేరే ఉంటాయి. 2022 అక్టోబరులో 11 బ్యాంకులు సైన్యంతో ఇందుకు ఒప్పందం చేసుకున్నాయి. మామూలు సేవింగ్స్ ఖాతాగానే నడుస్తుంటే ఆ ప్రయోజనాలు వర్తించకపోవచ్చు, ఒకసారి బ్రాంచికి వెళ్ళి అడగండి. ఈ బీమా అంతా సర్వీసుతో పాటే ముగుస్తుంది కనుక, మీ మీద ఆధారపడినవారు ఉంటే బయటికి వచ్చే ముందు సాదా టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తేనే డబ్బు వచ్చే బీమా), కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకోవడం అవసరం.

నామినీగా ఎవరి పేరు రాయాలి?

పెళ్ళికాని కుర్రవాళ్ళలో ఎక్కువమంది ఆలోచించకుండా నాన్న పేరు రాస్తారు. తప్పు కాదు గాని ఒక విషయం తెలుసుకుని రాయండి. బ్యాంకు డిపాజిట్లలో నామినీ అంటే డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే, దాని యజమాని కానక్కరలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా మరణించిన పెళ్ళికాని కొడుకు ఆస్తికి తల్లి మొదటి తరగతి వారసురాలు. తండ్రి రెండో తరగతిలోకి వస్తారు. తల్లిదండ్రులు కలిసి ఉన్న ఇంట్లో దీనివల్ల చిక్కు రాదు. విడిపోయినచోట, లేదా నాన్న మరో పెళ్ళి చేసుకున్నచోట వస్తుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు.

పేరు స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్లే రాయించండి. అమ్మ పేరు ఆధార్‌లో 'వెంకట లక్ష్మమ్మ', రేషన్ కార్డులో 'లక్ష్మి', సర్వీసు రికార్డులో 'వి. లక్ష్మి' అని ఉన్న ఒక కుటుంబం, ముగ్గురూ ఒక్కరే అని నిరూపించుకోవడానికి తహసీల్దారు కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగింది. పెళ్ళయిన తరువాత సర్వీసు రికార్డుతో పాటు బ్యాంకులోనూ, పీపీఎఫ్‌లోనూ విడివిడిగా నామినీ మార్చుకోవాలి. ఒకచోట మారిస్తే మిగతాచోట్ల దానంతటదే మారదు.

బండి కొనుక్కోవచ్చా?

కొనుక్కోవచ్చు, కానీ మొదటి ఏడాది వద్దంటాను. రెండు లక్షల రుణాన్ని 11 శాతం వడ్డీకి మూడేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 6,550 కట్టాలి. ఇది మీ చేతికి వచ్చే 21,000లో దాదాపు మూడో వంతు. సెలవు ఏడాదికి 30 రోజులు. మిగతా పదకొండు నెలలు ఆ బండి ఇంటి వసారాలో గోనెపట్టా కప్పుకుని ఉంటుంది, లేదా తమ్ముడు నడుపుతాడు. బ్యాటరీ దిగిపోయినా, ఇన్సూరెన్సు గడువు మీరినా కిస్తీ మాత్రం ఆగదు.

ఊళ్ళో చిట్టీ వేయవచ్చా?

1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన సంస్థలో, పాస్‌బుక్కు ఇచ్చేచోట అయితే వేయవచ్చు. నోటిమాట మీద నడిచే చిట్టీని దూరంగా ఉన్న సైనికుడు వేయకూడదు. చిట్టీ నడిపేవారు ఊరు విడిచిపోయారన్న కబురు ఊళ్ళో ఉన్నవారికి ఆ రాత్రే తెలుస్తుంది, మీకు వారం తరువాత తెలుస్తుంది.

తోటివాడు అప్పు అడిగితే, లేదా ష్యూరిటీ సంతకం అడిగితే?

అప్పు ఇవ్వదలచుకుంటే, తిరిగి రాకపోయినా స్నేహం చెడనంత మొత్తమే ఇవ్వండి. ష్యూరిటీ మాత్రం వేరు. సంతకం పెట్టిన రోజున మీ జేబులోంచి ఏమీ పోదు కనుక తేలికగా కనబడుతుంది. అతను కట్టకపోతే బ్యాంకు మీ దగ్గర వసూలు చేయవచ్చు, మీ క్రెడిట్ స్కోరు కూడా పడిపోతుంది. నాలుగేళ్ళ తరువాత ఇద్దరూ రెండు రాష్ట్రాల్లో ఉంటారు, అప్పుడు ఎవరిని ఎక్కడ వెతుకుతారు?

ఆన్‌లైన్ ఆటలు, ట్రేడింగ్, లోన్ యాప్‌ల గురించి ఏమంటారు?

నేను చూసిన కష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి; 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది. ఇప్పుడు నడుస్తున్నవి దొంగచాటు యాప్‌లు. అందులో డబ్బు పోతే ఫిర్యాదు చేయడానికి కూడా వెనకాడే పరిస్థితి వస్తుంది.

షేర్ల రాబోయే ధరల మీద చేసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ చట్టబద్ధమే. అయినా 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఇందులో పాల్గొన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీయే 2024 సెప్టెంబరులో తేల్చింది. వాళ్ళలో రోజంతా తెర ముందు కూర్చోగలిగినవారూ ఉన్నారు. సెంట్రీ డ్యూటీ మధ్యలో ఫోన్ చూసే కుర్రవాడు వాళ్ళకంటే బాగా చేస్తాడని నేను అనుకోను.

లోన్ యాప్ 5,000తో మొదలవుతుంది. దాన్ని తీర్చడానికి ఇంకొకటి, దాన్ని తీర్చడానికి మరొకటి. ఒక కుర్రవాడు నాకు ఫోన్ చేసి, "సార్, మొత్తం తొమ్మిది యాప్‌లు. ఇంట్లో తెలియదు" అన్నాడు. ఫోన్‌లోని నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడతామని వాళ్ళు బెదిరిస్తున్నారట. తెల్లవారగానే తన సైనిక కంపెనీలోని సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్లు చెప్పమన్నాను. తిట్లు పడ్డాయి, కానీ దారి కూడా దొరికింది. బెదిరింపులపై సైబర్ క్రైమ్‌కు ఫిర్యాదు ఇప్పించారు. అతను ఫోన్‌లోని యాప్‌లన్నీ తీసేసి, అసలు ఎవరికి ఎంత బాకీయో రాసుకుని ఏడాదిలో తీర్చాడు. పైవాళ్ళకు చెబితే పేరు పాడవుతుందన్న భయం సహజమే గాని, ఆ అప్పులిచ్చినవాళ్ళ ఫోన్ యూనిట్‌కు వచ్చాక తెలిస్తే అంతకంటే పాడవుతుంది.

సైనికులను లక్ష్యంగా చేసుకునే మోసాలు ఎలా ఉంటాయి?

"పే ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ సేవా నిధి కేవైసీ ఆగిపోయింది" అని వచ్చే ఫోన్‌ను నమ్మకండి. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. మీ గుర్తింపు కార్డు ఫొటో ఎవరికీ పంపకండి. పాత బండ్లు, ఫర్నిచర్ అమ్ముతున్నట్లు నమ్మించే మోసగాళ్ళు జవాన్ల కార్డుల ఫొటోలనే చూపిస్తారు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి. తొలి గంటల్లో చెబితే డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఎక్కువ.

క్యాంటీన్‌లో చవక కదా, బంధువులకూ కొనిపెట్టవచ్చా?

సీఎస్‌డీ (సైనిక క్యాంటీన్) కార్డు మీ కుటుంబ అవసరాలకు ఇచ్చినది. బయట అమ్మడం నేరం, క్రమశిక్షణ చర్య తప్పదు. ఇక చవక అన్న మాటకు వస్తే, అవసరం లేని మిక్సీని వెయ్యి తక్కువకు కొన్నా ఖర్చు ఖర్చే.

ఆదాయపు పన్ను కట్టాలా?

నాలుగో ఏడాది జీతం కూడా ఏడాదికి 4,80,000 మాత్రమే. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడటం లేదు కనుక మీకు పన్ను ఉండదు. సేవా నిధికి కూడా పూర్తి మినహాయింపు ఉంది. అయితే ఆదాయం 4 లక్షలు దాటిన ఏడాది రిటర్ను దాఖలు చేయండి. తరువాత వ్యాపారానికి రుణం అడిగినప్పుడు బ్యాంకు మొదట చూసేది దాన్నే.

సేవా నిధి చేతికి వచ్చాక ఏం చేయాలి?

మొదటి మూడు నెలలు ఏమీ చేయకండి. డబ్బు వచ్చిందన్న కబురు మీకంటే ముందు ఊరికి చేరుతుంది. రియల్ ఎస్టేట్ వెంచర్లవారు, నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తామనేవారు, భాగస్వామ్యానికి పిలిచే బావమరుదులు ఇంటికి వస్తారు. ఒక బ్యాంకులో ఒక వ్యక్తి డిపాజిట్లకు బీమా రక్షణ 5 లక్షల వరకే ఉంది కనుక, పది లక్షలను ఒకేచోట ఉంచకుండా కనీసం మూడు బ్యాంకుల్లో ఏడాది గడువుకు వేయండి. "డిపాజిట్‌లో ఉంది, ఇప్పుడు తీయడం కుదరదు" అన్న జవాబు చెప్పుకోవడానికి కూడా అది పనికొస్తుంది. ఆ మధ్యకాలంలో ఇంటి ఖర్చు మీ రికరింగ్ డిపాజిట్ సొమ్ముతో నడవాలి.

బయటికి రావడానికి ఆరు నెలల ముందే సేవా నిధి జమ కావలసిన ఖాతా నంబరును పే ఆఫీసు రికార్డులో సరిచూసుకోండి. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ దగ్గరే ఉందో లేదో కూడా చూడండి. ఫీల్డ్ ఏరియాలో నెలల తరబడి రీఛార్జి లేక ఆగిపోయిన సిమ్ నంబరును కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, అప్పుడు మీ ఖాతా ఓటీపీలు ఆ కొత్త మనిషి ఫోన్‌కు వెళ్తాయి.